రెండు మల్గీల మధ్య కంత

నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని బడిలో పంతులమ్మ మెచ్చుకున్నప్పుడు సంబరపడ్డాను. ఆ రాత వల్ల అన్నదమ్ముల పొత్తు ఒకటి చెడుతుందని అప్పుడే తెలిసి ఉంటే కోడి గీకినట్టు రాయడం నేర్చుకునేదాన్ని.

నేను మునిసిపాలిటీలో దోమల సర్వే చేస్తాను. పర్మినెంటు కాదు, ఔట్‌సోర్సింగు. ఇల్లిల్లూ తిరిగి డ్రమ్ముల్లో, కూలర్లలో నీళ్ళు నిలిచాయేమో టార్చిలైటు వేసి చూడటం, తలుపు పక్కన చాక్‌పీసుతో తేదీ వేసి రావడం నా పని. పోలియో చుక్కల రోజు గుమ్మాల మీద గుర్తులు పెట్టేది కూడా నేనే. అందుకే, లాక్‌డౌన్ కొంచెం సడలించి దుకాణాలు రోజు విడిచి రోజు తెరవనివ్వాలని ఆర్డరు వచ్చినప్పుడు, మా సూపర్‌వైజరు ఒక పసుప్పచ్చ పెయింటు డబ్బా, అంగుళం కుంచె తెచ్చి నా చేతిలోనే పెట్టాడు.

"గోడల మీద రాసే అలవాటు నీకే ఉన్నది గదమ్మా. ఒకటి, రెండు, ఒకటి, రెండు. గంతే పని," అన్నాడు.

వరుసలో మొదటి దుకాణానికి ఒకటి, దాని పక్కదానికి రెండు, ఆ పక్కదానికి మళ్ళీ ఒకటి. ఒకటో నంబరు వాళ్ళు ఒక రోజు తెరవాలి, రెండో నంబరు వాళ్ళు మర్నాడు. పక్కపక్క దుకాణాలు ఒకే రోజు తెరవకపోతే గుంపు సగమవుతుందని. ఎవరి బుర్రలో పుట్టిందో గాని, కాగితం మీద చూస్తే ముచ్చటగానే ఉంది. పాతబస్తీలో గాజులమ్మే లాడ్ బజారు, దాని వెనక గల్లీలు మాకు పడ్డాయి.

అప్పటికి మా ఇంట్లో చర్చ మొదలై చాలా రోజులైంది. మా ఆయన ఆర్టీసీ డిపోలో మెకానిక్కు. బస్సులు ఆగిపోవడంతో పొద్దస్తమానం టీవీ ముందే. తెర మీద ఎనిమిది గళ్ళు, గళ్ళలో ఎనిమిది మొహాలు. తెరవాలని నలుగురు, వద్దని నలుగురు. ప్రాణం ముఖ్యమా, బతుకుదెరువు ముఖ్యమా అని యాంకరు అడిగేవాడు, ఆ రెండూ వేరువేరు కొట్లలో దొరికే సరుకులైనట్టు. నాకు ఒళ్ళు మండేది.

"వీండ్లల్ల ఒక్కడన్న ఒక్కనాడన్న షట్టర్ లేపిండా?" అని అరిచేదాన్ని.

"నువ్వు ఈడ అరిస్తే ఆడ ఇనపడ్తదా?" అనేవాడు మా ఆయన.

వినపడదు. అదే నా బాధ.

సడలింపు అనే మాట మిగతా ఊరికి కొత్తగా వచ్చిందేమో గాని పాతబస్తీలో పుట్టినవాళ్ళకు కాదు. నా చిన్నప్పుడు కర్ఫ్యూ పెట్టినప్పుడల్లా ఆ మాట వినేదాన్ని. రెండు గంటల సడలింపు అని జీపులో మైకు చెప్పగానే మా అమ్మ గిన్నె పట్టుకుని పాల కోసం పరుగెత్తేది. సడలింపు అంటే మాకు అప్పుడే భయం ఎక్కువ. తలుపులు మూసుకున్నప్పుడు ఏమీ జరగదు, తెరిచిన రెండు గంటల్లోనే ఏదో ఒకటి జరిగి, ఆ నింద ఎవరో ఒకరి మీద పడి, మళ్ళీ అన్నీ మూసేసేవాళ్ళు.

లాడ్ బజారు వెనక గల్లీలో ఇద్దరు అన్నదమ్ములకు రెండు మల్గీలు ఉండేవి. మా వైపు దుకాణం గదిని మల్గి అంటాం. ఆ ఇద్దరినీ గల్లీ అంతా పెద్ద భాయ్, చిన్న భాయ్ అనేది. పెద్దాయనకు అరవై దాటాయి, చిన్నాయన నాకంటే ఏడాదో రెండేళ్ళో చిన్న. పెద్ద భాయ్ నన్ను చెల్లె అంటాడు, చిన్న భాయ్ అక్కా అంటాడు. నా పెళ్ళికి లక్క గాజులు వాళ్ళ నాన్న చేసిచ్చాడు. ఎర్ర లక్క మీద తెల్లరాళ్ళు. దోమల సర్వేకు వెళ్ళినా, పెళ్ళికి వెళ్ళినా నా చేతికి అవే.

వాళ్ళ నాన్న కాలంలో అది ఒకటే మల్గి. తను పోయాక కొడుకులు కొట్టుకోకూడదని ఆయన మధ్యలో గోడ కట్టించి, చెరొక మల్గి చేసి, ఎవరి కాగితం వాళ్ళ పేరన రాయించాడు. కానీ పని ఒకటే కదా. అందుకని గోడలో, కూర్చున్న మనిషి చేతికి అందేంత ఎత్తులో, రెండు ఇటుకలంత కంత ఉంచాడు. కొట్లాట రాకుండా గోడ, పని ఆగకుండా కంత. ఆయన తెలివికి మా అమ్మ ఎంత మురిసిపోయేదో.

లక్క గాజు ఒక్కరి వల్ల అయ్యేది కాదు. పెద్ద భాయ్ మల్గిలో బొగ్గుల కుంపటి ఉండేది. లక్క ముద్దను దాని మీద కాచి, చెక్కతో రుద్ది, సన్నటి పట్టీలాగా సాగదీసి, కడియానికి చుట్టేవాడు. మళ్ళీ ఒకసారి కాచి, వేడివేడిగా పట్టకారుతో పట్టుకుని, తల కూడా తిప్పకుండా చేతిని కంతలోకి చాపేవాడు. అవతల చిన్న భాయ్ చెయ్యి సిద్ధంగా ఉండేది. అందుకుని, లక్క మెత్తగా ఉండగానే ఒక్కొక్క రాయీ అద్దేవాడు. మహా అయితే పది ఊపిర్లు. ఆ లోపల లక్క చల్లబడిపోతుంది. చల్లబడిన లక్కకు రాయి పట్టదు. పట్టినట్టు కనిపిస్తుంది గాని, ముహూర్తం వేళ పీటల మీదే రాలిపోతుంది.

ఇద్దరూ ముప్ఫై ఏళ్ళుగా ఈ పని చేశారు. పెద్దాయనకు రాయి అద్దడం రాదు, ఆయన వేళ్ళు మొద్దుబారిపోయాయి. చిన్నాయనకు లక్క కాచడం రాదు, ఏనాడూ ఆ అవసరం పడలేదు. చాయ్ సాసరు, పాన్ బీడా, పొద్దున పేపరు అన్నీ ఆ కంతలోంచే అటూ ఇటూ వెళ్ళేవి. కోపం వస్తే దానికి గుడ్డ అడ్డం పెట్టుకునేవాళ్ళు, తగ్గగానే తీసేసేవాళ్ళు.

నంబర్లు రాస్తూ ఆ గల్లీలోకి వచ్చిన రోజు ఎండ మండిపోతోంది. నేను రాయడం, సూపర్‌వైజరు ఫోనుతో ఫొటో తీసి పంపడం. మూతి గుడ్డ లోపల నా ఊపిరి నాకే కంపు కొడుతోంది. పెద్ద భాయ్ షట్టరు దగ్గరికి వచ్చేసరికి ఒకటి పడింది. రాశాను. నా ఒకటి చూడముచ్చటగా వచ్చింది కూడా. ఒక అడుగు పక్కకు జరిగాను. చిన్న భాయ్ షట్టరు.

కుంచె ముంచాను గాని చెయ్యి లేవలేదు. ఇక్కడ రెండు వేస్తే ఆయన తెరిచిన రోజు ఈయన మూయాలి, ఈయన తెరిచిన రోజు ఆయన మూయాలి. కంతకు ఇవతల వేడి ఉన్నప్పుడు అవతల చెయ్యి ఉండదు. ఆ సంగతి ఫోను పట్టుకున్న మా సూపర్‌వైజరుకు తెలియదు, ఆర్డరు రాసిన వాడికి తెలియదు, నాకు తెలుసు.

"సార్, ఈ రెండూ ఒకటే దుకాణం," అన్నాను.

"షట్టర్లు రెండున్నయి గదమ్మా?"

"పని ఒక్కటే సార్."

"కాయితాలు?"

కాగితాలు రెండు.

చప్పుడు విని పెద్ద భాయ్ బయటికి వచ్చాడు. చిన్న భాయ్ లేడు. ఉచిత బియ్యం లైనులో నిలబడడానికి తెల్లారే వెళ్ళాడట. నేను పెద్దాయనకు విషయం చెప్పాను. "పెద్ద భాయ్, రెంటికీ ఒకటే నంబర్ రాయమని మీరు ఒక్క మాట సార్‌ను అడుగుండ్రి. మీరు అడిగితే ఆయన కాదనడు," అన్నాను. నిజానికి ఆ క్షణంలో మా సూపర్‌వైజరు కూడా కొంచెం మెత్తబడ్డాడు. గల్లీలో ఇవే మొదటి షట్టర్లు, అవతలివి ఇంకా రాయలేదు. లెక్క అక్కడినుంచి మార్చుకోవచ్చు.

పెద్ద భాయ్ రెండు షట్టర్లనూ చూశాడు, నా చేతిలో కుంచెను చూశాడు.

"వద్దు చెల్లె. ఖాయిదా అంటే ఖాయిదానే. గిప్పుడు ఏ చిన్న తప్పు దొరికినా మా దిక్కే వేలు జూపిస్తున్నరు. రోగం మేమే తెచ్చినమంటున్నరు. మాకొక్కలకు మాఫీ ఇచ్చిండ్రని రేపు ఫోన్లల్ల తిప్పుతరు. మా వల్ల బజార్ బద్నాం గావద్దు. రాయి," అన్నాడు.

"చిన్న భాయ్‌ని ఒక్క మాట అడగరాదా?"

"వాన్ని అడిగేదేంది? నేను చెప్తున్న గద."

ఇక్కడే నేను చేసిన తప్పు ఉంది. అది మా వాడకట్టులో పెరిగినవాళ్ళే చేసే తప్పు. ఆ ఇంటి మాట ఏదైనా సరే పెద్ద భాయ్‌ని అడుగుతాం. గాజులు ఎప్పటికి అవుతాయని చిన్న భాయ్‌ని అడిగినా "భాయ్‌ని అడుగు అక్కా" అనేవాడు. అదే మర్యాద అనుకున్నాం అందరం. పెద్దాయన ఔనంటే చిన్నాయన ఔనన్నట్టే అనుకుని రెండు వేశాను. అది ఇంకా చూడముచ్చటగా వచ్చింది. సూపర్‌వైజరు ఫొటో తీశాడు.

మొదటి వారం వాళ్ళు ఏదో ఒకటి చేద్దామని చూశారు. చిన్న భాయ్ అఫ్జల్‌గంజ్ అవతల కిరాయి ఇంట్లో ఉండేవాడు. తనది కాని రోజు కూడా వంతెన దాటి నడిచి వచ్చి, అన్న మల్గిలోనే ఒక మూల ఇరుక్కుని కూర్చున్నాడు. మల్గి అంటే ఎంతనుకున్నారు? మంచం వేస్తే తలుపు మూతపడదు. అందులో సగం కుంపటి, బొగ్గుల బస్తా. మూడోరోజు గల్లీ మొగలో డ్యూటీలో ఉన్న కానిస్టేబులు వచ్చి "ఒక మల్గిల ఒక్కడే ఉండాలె" అని లాఠీ షట్టరుకేసి కొట్టాడు. పెద్ద భాయ్ వెంటనే "పో, ఇంటికి పో," అన్నాడు తమ్ముణ్ణి. కానిస్టేబులు కంటే ముందు ఆయనే అన్నాడు. అది చిన్న భాయ్‌కి గుచ్చుకుందని తర్వాత తెలిసింది.

తర్వాత ఇంకో దారి పట్టారు. పెద్ద భాయ్ తన రోజున లక్క చుట్టిన గాజులు చేసి కంతలో వరుసగా పెట్టి వెళ్ళేవాడు. చిన్న భాయ్ మర్నాడు వచ్చి వాటిని స్టవ్వు మీద మళ్ళీ వెచ్చబెట్టి రాళ్ళు అద్దేవాడు. రెండోసారి కాగిన లక్క పొక్కులు వచ్చింది. పైకి బాగానే కనిపించి నాలుగు రోజులకే రాళ్ళు రాలాయి. కొన్నవాళ్ళు తెచ్చి గడప మీద విసిరి పోయారు. ముప్ఫై ఏళ్ళలో ఆ మల్గీల గాజు తిరిగి రావడం అదే మొదటిసారి. చిన్న భాయ్ ఆ గాజుల్ని మళ్ళీ కంతలోనే పెట్టి వెళ్ళాడు. మర్నాడు పెద్ద భాయ్ వాటిని చూసుకున్నాడు. ఇద్దరూ ఎదురుపడి ఒక మాట అనుకునే వీలు కూడా లేదు, ఆయన రోజు ఆయనది, ఈయన రోజు ఈయనది.

నేను కాళ్ళరిగేలా ఆఫీసు చుట్టూ తిరిగాను. "సార్, ఆ రెండును ఒకటి చెయ్యుండ్రి, మీ కాళ్ళు మొక్కుతా," అన్నాను సూపర్‌వైజరుతో.

"ఫొటో ఎక్కింది, లిస్టు పోలీసులకు పోయింది. నాతోటి గాదమ్మా. పైనోళ్ళను అడుగు."

పైవాళ్ళెవరని అడిగితే ఆయనకూ సరిగ్గా తెలియదు. ఆ పైవాళ్ళు కూడా వాళ్ళ పైవాళ్ళ మీద పెట్టారు. ఇంటికొస్తే టీవీలో అదే ఎనిమిది గళ్ళు. ఎవరైనా ఫోను చేసి అభిప్రాయం చెప్పవచ్చని నంబరు వేశారు. రెండుసార్లు చేశాను. ఒకసారి కలవలేదు, రెండోసారి పాట వినిపించి కట్టయింది. ఏం చెప్పాలనుకున్నానో ఇప్పటికీ గుర్తుంది. మీరు తెరవండి, లేకపోతే మూయండి, కానీ సగం తెరవకండి అని.

రంజాన్ చివరి పది రోజులు దగ్గరపడ్డాయి. లాడ్ బజారుకు ఏడాది మొత్తం మీద అదే పంట. సడలింపు ఇంకా పెంచుతారట, అన్ని షట్టర్లూ రోజూ తెరవనిస్తారట అని పుకారు పుట్టింది. దాంతో పాటే ఇంకో మాట కూడా గల్లీలో తిరిగింది. ఈసారి పండక్కి మనమే షాపింగ్ మానేద్దాం, పాతబట్టలే కట్టుకుందాం, తెరిస్తే గుంపు అవుతుంది, గుంపైతే మళ్ళీ మనల్నే అంటారు అని. సగం మంది దానివైపు, సగం మంది తెరవాలనేవాళ్ళ వైపు. టీవీలో జరిగేది ఇప్పుడు మా గల్లీకే వచ్చింది.

ఒక సాయంత్రం గల్లీలో దుకాణదారులు కూడారు. నేనే గీసిన సున్నపు వలయాల్లో ఒక్కొక్కరు నిలబడ్డారు. అంత దూరాన నిలబడి మాట్లాడాలంటే అరవాల్సిందే. మూతికి గుడ్డ కట్టుకుని అరిస్తే ఎంత మంచి మాటైనా తిట్టులాగే వినిపిస్తుంది.

పెద్ద భాయ్ అన్నాడు: "ఈ ఈద్‌కు తెరవొద్దు. ఆకలైతే ఒక నెల ఓర్చుకుంటం. బద్నాం అయితే ఎప్పటికీ పోదు. కర్ఫ్యూలల్ల నేను చూసిన. తెరిచినంక అయిన లొల్లికి మూసినోడు గూడ జవాబు జెప్పిండు."

నాలుగు వలయాల అవతల నుంచి చిన్న భాయ్ అందుకున్నాడు. ఆయన గొంతు అంత పెద్దగా నేను ఎప్పుడూ వినలేదు.

"ఓర్చుకుంటం అంటే ఎవరు భాయ్? మీ కుంపటికి ఏమైతది, ప్లెయిన్ గాజులు జేసి అమ్ముకుంటరు. రాయి అద్దెటోడు దేనికి అద్దాలె? గాలికా? నా షట్టర్ మీద నంబర్ రాసిననాడు నన్ను అడిగిండ్రా? నా ముచ్చట నన్ను అడుగుతరా ఎవరన్న?"

తమ్ముడు అన్నకు ఎదురు చెప్పడం ఒక ఎత్తు, నలుగురిలో చెప్పడం ఇంకో ఎత్తు. పెద్ద భాయ్ వలయంలోంచి బయటికి వచ్చి నెమ్మదిగా ఇంటివైపు వెళ్ళిపోయాడు. ఆయన్ను ఆపడానికి ఎవరూ దగ్గరికి పోలేదు, పోకూడదు కదా. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. అడగకుండా రాసిన చెయ్యి నాదేనని అందరికీ తెలుసు. ఎవరూ నా వంక చూడలేదు, అందుకు ఇంకా సిగ్గేసింది.

ఆ మర్నాడు నేను ఇంకా పెద్ద తెలివితక్కువ పని చేశాను. తెల్లవారుతూనే సీసాలో కిరసనాయిలు, ఒక పాత గుడ్డ, మిగిలిన పెయింటు తీసుకుని గల్లీకి పోయాను. చిన్న భాయ్ షట్టరు మీది రెండును రుద్ది రుద్ది చెరిపాను. అది ఎంత గట్టిగా పట్టిందంటే నా మోచేతులు పడిపోయాయి. అంత బలంగా రుద్దుతుంటే నా గాజు షట్టరుకు తగిలి ఒక తెల్లరాయి ఎగిరి కింద పడింది. వెతికి తీసి, కాగితంలో చుట్టి పర్సులో పెట్టుకున్నాను. తర్వాత రెండు ఉన్నచోట ఒకటి రాశాను. లిస్టులో ఏముంటే నాకేంటి, ఎండలో నిలబడ్డ కానిస్టేబులు లిస్టు చూడడు, షట్టరు చూస్తాడు అనుకున్నాను.

కానిస్టేబులు చూడలేదు, పక్కవాళ్ళు చూశారు. పక్కన జరీ అంచులు అమ్మే మల్గిది ఒకటి. వరుసగా మూడు ఒకట్లయ్యాయి. "గట్లైతే మాకు రెండెందుకు? మాది గూడ ఒకటి రాయి," అని ఆ పక్క రెండో నంబరాయన. "మాకు మాత్రం రోజూ తెరవాలని ఉండదా?" అని ఎదుటివాళ్ళు. పావుగంటలో గల్లీ అంతా గుమిగూడింది, వలయాలు ఎవరికీ గుర్తులేవు. ఎవరో ఫోను తీసి వీడియో పడుతున్నారు. దేనికి భయపడి పెద్ద భాయ్ తమ్ముడి రోజులు వదులుకున్నాడో సరిగ్గా అదే నేను తెచ్చి ఆయన గుమ్మంలో పెట్టాను.

పెద్ద భాయ్ వచ్చాడు. ఎవర్నీ ఏమీ అనకుండా షట్టరు చూసి, నా దగ్గరికి, ఆరడుగుల దూరం ఉంచుకుని, వచ్చాడు.

"నిన్ను ఎవరు అడిగిండ్రు చెల్లె?" అన్నాడు. కోపంగా కాదు. కోపంగా అని ఉంటే నేనూ తిరిగి ఒక మాట అనేదాన్ని.

"మీ మంచికే పెద్ద భాయ్..."

"దిద్దు. నువ్వే రాసినవ్, నువ్వే దిద్దు. అందరు జూడంగ దిద్దు."

చిన్న భాయ్ అప్పటికి తన మల్గి తెరవడానికి వచ్చి నిలబడి ఉన్నాడు. ఆ రోజు ఆయనదే. నేను ఆయన వైపు చూశాను. వద్దు అక్కా అనమని, ఒక్క మాట అనమని. అంటే కుంచె వీడియో తీసేవాడి మొహాన కొట్టి వెళ్ళిపోయేదాన్ని. ఉద్యోగం పోతే పోయేది.

"రాయి అక్కా," అన్నాడు చిన్న భాయ్. "మా భాయ్ చెప్పిండు గద."

రాశాను. తడి ఒకటి మీదే లావుగా రెండు రాశాను. ఈసారి అది కోడి గీకినట్టే వచ్చింది. కన్నీళ్ళు మూతి గుడ్డలోకి కారుతుంటే తుడుచుకోవడానికి కూడా లేదు, చేతులనిండా పెయింటు. జనం చెదిరిపోయారు. నేను డబ్బా మూత పెట్టేసరికి పెద్ద భాయ్ వెళ్ళిపోయాడు, చిన్న భాయ్ షట్టరు లేపి లోపలికి పోయాడు. ఆ రెండు, షట్టరుతో పాటు చుట్టుకుని పైకి పోయింది.

ఆ రోజే చిన్న భాయ్ కంత మూశాడు. రెండు ఇటుకలు, గిన్నెడు సిమెంటు, అంతే. తనది కాని రోజు కాబట్టి పెద్ద భాయ్ అక్కడ లేడు. మర్నాడు వచ్చి షట్టరు లేపి, కుంపటి రాజేయబోయి, కంతలో తడి సిమెంటు చూసుకున్నాడట. జరీ అంచులాయన చెప్పాడు. చాలాసేపు కుంపటి వెలిగించకుండా కూర్చున్నాడని.

ఆ తర్వాత అందరికీ అన్నీ తెరిచారు. ఎప్పుడు తెరిచారో, ఆ ఎనిమిది మందిలో ఎవరు గెలిచారో నాకు గుర్తులేదు. మళ్ళీ మూశారు, మళ్ళీ తెరిచారు, తర్వాత ఆ మాటే అందరూ మరిచిపోయారు. మా ఆయన డిపోకు పోయాడు, నేను మళ్ళీ డ్రమ్ముల్లో టార్చి వేసి చూసుకుంటున్నాను. ఆ గల్లీ నా సర్వేలోనే ఉంది గాని, ఏదో ఒక సాకు చెప్పి ఇంకొకామెకు అప్పజెప్పేదాన్ని.

ఈ మధ్య ఆమెకు జ్వరం వచ్చి నాకు తప్పలేదు. రెండు మల్గీలూ తెరిచే ఉన్నాయి. రెండింటిలోనూ మిషను గాజులే, ఎక్కడినుంచో పెట్టెల్లో వచ్చేవి, ఒకే రకం, ఒకే రంగులు. పెద్ద భాయ్ బాగా ఒంగిపోయాడు. మూల కుంపటి ఉంది, దాని మీద గాజుల పెట్టెలు పేర్చి ఉన్నాయి. నన్ను చూడగానే "చెల్లె, ఇటు రా," అన్నాడు. అదే గుక్కలో పక్క నుంచి "అక్కా, ఇటు," అని వినిపించింది. దారినపోయే బేరానికి వేసే కేక అది, ఇద్దరిదీ. నేను మధ్యలో నిలబడిపోయాను.

పెద్దవాడని పెద్ద భాయ్ దగ్గరే కూర్చున్నాను. మళ్ళీ అదే మర్యాద, నాకింకా బుద్ధి రాలేదు. ఆయన నా చెయ్యి చూశాడు.

"మా బాపు చేసిన గాజు. రాయి ఏమాయె?"

పర్సులోంచి కాగితం పొట్లం తీశాను. ఇన్నేళ్ళుగా అందులోనే ఉంది. ఎక్కడ రాలిందో చెప్పలేదు, ఆయన అడగలేదు. ఏమనుకున్నాడో, పెట్టెలు పక్కకు జరిపి కుంపటిలో నాలుగు బొగ్గులు వేసి విసిరాడు. నేను గాజు తీసిచ్చాను. వద్దనాల్సింది. కానీ ఆ నిప్పు రాజుకుంటున్న వాసన, లక్క కాగుతున్న వాసన, నా పెళ్ళినాటి వాసన, వద్దననివ్వలేదు. ఆయన గాజును నిప్పు మీద తిప్పాడు. రాయి ఊడిన చోట లక్క మెల్లగా మెరుపెక్కి మెత్తబడింది. సరిగ్గా ఆ క్షణాన పట్టకారుతో గాజు ఎత్తి, తల తిప్పకుండా, చెయ్యి గోడ వైపు చాపాడు.

పట్టకారు సిమెంటుకు తగిలి టక్కుమంది.

చెయ్యి వెనక్కు తీసుకోలేదు. అట్లాగే ఉంచాడు. గోడ అవతల ఎవరికో గాజులు చూపిస్తున్న చిన్న భాయ్ గొంతు ఆ చప్పుడుకు ఆగిపోయింది. రాయి నా అరచేతిలో ఉంది. లేచి, నాలుగడుగులు వేసి, చిన్న భాయ్‌ని పిలవచ్చు. పిలవాలనే అనుకున్నాను. ఎవరిని అడిగి పిలవాలి, ఈయన్నా, ఆయన్నా, అని ఆలోచిస్తూ ఉండిపోయాను.

"చల్లబడ్డది చెల్లె," అన్నాడు పెద్ద భాయ్, గాజు నా చేతిలో పెడుతూ.